చక్రాల మీది ఇంటికి మరమ్మతు

వానాకాలంలో మీ ఇంటి కప్పు ఒకచోట కారిందనుకోండి. చుక్క పడేచోట మీరు గిన్నె పెడతారు. మీ నాన్నగారు మేడెక్కి పగులు ఎక్కడుందో వెదుకుతారు. తమాషా ఏమిటంటే, గిన్నెకు సరిగ్గా పైన పగులు కనిపించకపోవచ్చు. నీరు ఒకచోట దిగి, శ్లాబు లోపల దారి వెదుక్కుంటూ పోయి, ఇంకోచోట చుక్కగా రాలుతుంది. కదలకుండా నిలబడ్డ ఇంటితోనే ఇంత చిక్కు. ఆ ఇల్లే చక్రాల మీద కూర్చుని, గుంతల రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే? అలాంటి ఇల్లు పాతబడితే దాన్ని బాగుచేయడం ఎలా? ఈ పాఠంలో చూద్దాం.

మోటారు ఇల్లు అంటే?

పడక, పొయ్యి, నీళ్ల తొట్టి, దీపాలు అన్నీ ఒకే వాహనంలో అమర్చి, ఆ వాహనం తన ఇంజనుతోనే నడిస్తే దాన్ని మోటారు ఇల్లు అనవచ్చు. జర్మనీలో ఫోక్స్‌వాగన్ కంపెనీ 1950లో పెట్టె ఆకారపు వ్యాను తయారుచేయడం మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా అనే సంస్థ ఆ వ్యానులో పడక, బల్ల, బీరువా అమర్చి విహారయాత్రలకు పనికొచ్చేటట్లు చేసింది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1973 నుంచి 1978 వరకు తయారుచేసిన మోటారు ఇళ్లను శ్రద్ధగా బాగుచేసుకుని నడుపుకొనేవారు ఈనాటికీ ఉన్నారు.

మన తెలుగునేల మీద అందరికీ తెలిసిన ఇటువంటి బండి చైతన్యరథం. 1982 మార్చిలో తెలుగుదేశం పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు ఒక పాత షెవ్రొలే వ్యానును తన ప్రచారయాత్రకు తగినట్లు మార్పించుకున్నారు. ఆయన కుమారుడు హరికృష్ణ దాన్ని నడిపారు. 1983 జనవరి ఎన్నికల దాకా నెలల తరబడి ఆ వ్యానే ఆయనకు ఇల్లు, పైకప్పే ఉపన్యాస వేదిక. రాజకీయాల సంగతి అలా ఉంచి, మెకానిక్ కళ్లతో దాన్ని చూడండి. కప్పు మీద మనిషి నిలబడాలంటే కప్పుకు అదనపు బలం కావాలి. లోపలి నుంచి పైకి ఎక్కాలంటే కప్పుకు రంధ్రం పెట్టాలి. రంధ్రం పెట్టినచోట వాననీరు దిగకుండా చూడాలి. వ్యానును ఇల్లుగా మార్చే ప్రతివారికీ ఎదురయ్యే చిక్కు ఇదే.

హుస్సేనీ ఆలం పక్కనే

హైదరాబాదు పాతబస్తీలో హుస్సేనీ ఆలం పిల్లలు పాత వాహనాలను చూడడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. చాలాకాలం పాడుబడి ఉన్న ఆ భవనాలను రాజకుమారి ఎస్రా చొరవతో బాగుచేసి 2005లో ప్రజలు చూడడానికి తెరిచారు. 2010లో ఈ పనికి యునెస్కో పురస్కారం వచ్చింది. అక్కడ గుర్రపు బగ్గీలతో పాటు పాత కార్లు కూడా ఉన్నాయి. వాటిలో పసుప్పచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ 1912 నాటిది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని తెప్పించుకోవాలనుకున్నారు. కాని 1911లోనే ఆయన మరణించడంతో అది ఏడవ నిజాం కాలంలో నగరానికి చేరింది.

ఆ కారును రోల్స్‌రాయిస్ కంపెనీ ఒక్కటే తయారుచేయలేదు. ఇంజను, చక్రాలు, వాటిని మోసే చట్రం రోల్స్‌రాయిస్ వారివి. పైనున్న గది వంటి బాడీ బార్కర్ అనే మరో కంపెనీది. ఆ రోజుల్లో పెద్ద కార్లకు, బస్సులకు ఇదే పద్ధతి. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. ఆ కాలపు ఆల్బియాన్ బస్సు ఒకదాన్ని ఆర్టీసీ వారు బాగుచేయించి హైదరాబాదులో భద్రపరిచారు. దాన్ని చూసినా చట్రం వేరు, పైగూడు వేరు అని తెలుస్తుంది. ఒకరు చేసిన చట్రం మీద మరొకరు కట్టిన ఇల్లు కూర్చుంటుంది. ఈ రెండూ కలిసే అతుకుల దగ్గరే సాధారణంగా జబ్బు మొదలవుతుంది.

ఇప్పుడు మీకొక పని అప్పగిస్తాను. హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంటి వాకిట్లో, వేపచెట్టు కింద, ఒక మోటారు ఇల్లు పదేళ్లుగా కదలకుండా నిలబడి ఉందనుకుందాం. దాని చట్రం ఇనుముది, గోడల లోపలి వాసాలు టేకువి, కప్పు అల్యూమినియం రేకుది. దాన్ని బాగుచేయమని మిమ్మల్ని అడిగారు. ఎక్కడ మొదలుపెడతారు?

"ఇంజను" అంటారు కొందరు. "రంగు" అంటారు ఇంకొందరు. పాతబస్తీ గ్యారేజీల్లో చెయ్యితిరిగిన మెకానిక్‌ను ఉస్తాద్ అని పిలుస్తారు. మంచి ఉస్తాద్ బండిని చూడగానే స్పానరు తీయడు. ముందు చుట్టూ తిరిగి చూస్తాడు. ఆ తర్వాత కప్పు చూస్తాడు.

ఎనిమిది వేల లీటర్లు

కప్పే ఎందుకు? ఒక చిన్న లెక్క వేయండి. కప్పు పొడవు 5 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు అయితే దాని వైశాల్యం 10 చదరపు మీటర్లు. హైదరాబాదులో సంవత్సరానికి సుమారు 800 మిల్లీమీటర్ల, అంటే 0.8 మీటరు, వాన కురుస్తుంది. 10ని 0.8తో గుణిస్తే 8 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు 1000 లీటర్లు కాబట్టి, ఆ చిన్న కప్పు మీద ఏటా పడే నీరు 8000 లీటర్లు! పదేళ్లకు 80,000 లీటర్లు. అందులో వెయ్యోవంతు మాత్రమే లోపలికి దిగినా 80 లీటర్లు. అయిదారు బిందెల నీళ్లు గోడల లోపల ఒలకబోసినట్లే కదా!

ఆ నీరు ఎక్కడినుంచి దిగుతోంది? పగటిపూట తలుపులు, కిటికీలు మూసి, పరదాలు దించి, లోపల చీకటి చేసి చూడండి. పెద్ద చిల్లులుంటే వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. సన్నని పగుళ్లు ఇలా దొరకవు. వాటికి నీటి పరీక్ష చేయాలి. ఒకరు లోపల కూర్చుంటారు. మరొకరు బయట గొట్టంతో నీరు పోస్తారు. అయితే నీరు పైనుంచి మొదలుపెట్టకూడదు, అన్నిటికంటే కింది అతుకు దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ కారకపోతే కొంచెం పైకి, తర్వాత ఇంకా పైకి పోవాలి. మొదటే కప్పు మీద పోస్తే నీరు అన్ని అతుకుల మీదుగా జారుతుంది. అప్పుడు తప్పు ఏ అతుకుదో చెప్పలేం. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చి చూడాలని మీ సైన్సు మాస్టారు చెబుతారు కదా? ఇక్కడ మనం పాటిస్తున్నది ఆ సూత్రమే.

గాలి తగలనిచోటే తుప్పు

కప్పు చూశాక కిందికి దిగుదాం. తలుపు అడుగున రంగు ఒకచోట పొక్కిపోయి ఉంది. రూపాయి బిళ్లంత పొక్కు. గోటితో గీకితే రంగు పెళ్లగా ఊడి, కింద ఎర్రటి పొడి రాలింది. "ఇంతేనా! గీకి, లప్పం పెట్టి, రంగు కొడితే సరి" అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు.

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఇది మీకు తెలిసిందే. అయితే ఆక్సిజన్ ఎక్కువగా అందినచోటే ఇనుము ఎక్కువగా తినబడుతుందా? కాదు. ఇది వింతగా తోచవచ్చు. తలుపు అడుగున రేకును మడిచిన సందులోకి నీరు చేరిందనుకోండి. సందు నోటి దగ్గర గాలి తగులుతుంది, అక్కడి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ. సందు లోతున గాలి ఆడదు, అక్కడ ఆక్సిజన్ తక్కువ. ఒకే రేకు, ఒకే నీరు. అయినా ఈ తేడా వల్ల అది చిన్న విద్యుత్ ఘటంలాగా పనిచేస్తుంది. లోతున ఉన్న ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి, అయాన్లుగా మారి నీటిలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండా సందు నోటికి ప్రయాణించి, అక్కడ ఆక్సిజన్‌తోను నీటితోను కలుస్తాయి. అంటే ఆక్సిజన్ ఖర్చయ్యేది బయట, ఇనుము తరిగేది లోపల!

ఇంకొక సంగతి. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే ఎన్నోరెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందులో చోటు చాలక రేకును, రంగును బయటికి నెడుతుంది. మనం చూసిన పొక్కు ఇలా వచ్చిందే. కాబట్టి పొక్కు జబ్బు మొదలు కాదు, ముదిరిన జబ్బుకు గుర్తు. పైన లప్పం పెట్టి రంగు వేస్తే సందులో నీరు అలాగే ఉంటుంది. ఘటం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. వచ్చే వానాకాలం తర్వాత మళ్లీ అదే పొక్కు, ఈసారి అరచేయంత!

సరైన పద్ధతి ఏమిటి? తినేసిన రేకును గట్టి ఇనుము తగిలేదాకా కత్తిరించాలి. కొత్త రేకును వెల్డింగు చేయాలి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూసి, అతుకును నీరు చొరకుండా మూసి, ఆపైన రంగు వేయాలి. తలుపు అడుగున నీరు బయటికి పోవడానికి కంపెనీవారు పెట్టిన చిన్న రంధ్రాలుంటాయి. మట్టితో పూడిపోయిన ఆ రంధ్రాలను తెరవాలి. కొత్త రేకు వేసి, పూడిన రంధ్రాన్ని మరిచిపోతే చేసిన పని అంతా వృథా.

రెండు లోహాలు పక్కపక్కనే

కప్పు రేకు అల్యూమినియంది, దాన్ని పట్టి ఉంచిన స్క్రూలు ఇనుపవి. స్క్రూల చుట్టూ రేకు తెల్లగా పొడిపొడిగా అయింది. ఎందుకు? వేర్వేరు లోహాలు ఒకదానినొకటి తాకుతూ, వాటి మీద ఉప్పు కలిసిన నీరు ఉంటే అది కూడా విద్యుత్ ఘటమే. అందులో ఎలక్ట్రాన్లను సులువుగా వదిలే లోహం తరిగిపోతుంది. ఇక్కడ ఆ లోహం అల్యూమినియం. మామూలుగా దాని మీద పలుచని ఆక్సైడు పొర కవచంలా ఉంటుంది. ఉప్పునీరు ఆ కవచాన్ని ఛేదిస్తుంది. మందు చాలా తేలిక. స్క్రూకు, రేకుకు మధ్య రబ్బరు వాషరో నైలాన్ వాషరో వేసి రెండు లోహాలను విడదీస్తే ఘటం ఆగిపోతుంది.

ఈ స్వభావాన్నే మనకు మేలు చేసేటట్లు కూడా వాడుకోవచ్చు. ఇనుము మీద జింకు పూత వేస్తే, ముందు జింకే తరిగి ఇనుమును కాపాడుతుంది. ఈ సంగతి పాఠం చివర మీరే చేసి చూస్తారు.

గోడలోని టేకు

ఇప్పుడు గోడ లోపలి వాసాలు. టేకు గట్టిదే, అయినా ఏళ్లతరబడి తడిలో నానితే దానికీ ముప్పే. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి చాలాకాలం ఉంటే శిలీంధ్రాలు పెరిగి చెక్కను తింటాయి. పైకి బాగానే కనిపించే వాసాన్ని సన్నని స్క్రూడ్రైవరుతో నొక్కి చూడండి. మంచి చెక్క ఎదురు తంతుంది. పుచ్చిన చెక్కలోకి అది రొట్టెలోకి దిగినట్లు దిగుతుంది. వేలితో తట్టినా తెలుస్తుంది. గట్టి చెక్క టకటకమంటుంది, పుచ్చినది బొదబొదమంటుంది.

పుచ్చిన భాగాన్ని మంచి చెక్క వచ్చేదాకా కోసి, అదే జాతి కలపను ఏటవాలు అతుకుతో కలపాలి. తొందరపడి తడి చెక్క మీద రంగు వేయకూడదు. రంగు బయటి నీటిని ఆపడంతో పాటు లోపలి నీటిని కూడా బందీ చేస్తుంది. ముందు కారడం ఆపాలి, తర్వాత ఆరనివ్వాలి, ఆ తర్వాతే అతకాలి.

నిలబడి ఉండడమూ జబ్బే

పదేళ్లుగా నడవని బండి కొత్తగానే ఉంటుందనుకుంటే పొరపాటు. బ్రేకు ఆయిలు సంగతే చూడండి. పేరుకు ఆయిలే గాని, మామూలు బండ్లలో వాడేది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువ కాని వేడి దగ్గర మరుగుతుంది. నూటికి నాలుగు పాళ్లకు కొంచెం తక్కువగా నీరు చేరితే చాలు, ఆ హద్దు 140 డిగ్రీల దాకా దిగిపోవచ్చు. ఘాటు రోడ్డు దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే ఆ వేడి రావడం కష్టం కాదు. అప్పుడు గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలు నేలకు తగిలినా బండి ఆగదు! అందుకే పాత ద్రవాన్ని పూర్తిగా తీసివేసి కొత్తది పోయాలి. టైర్ల మీద గాట్లు బాగా ఉన్నా, పక్కల పగుళ్లుంటే వాటినీ మార్చాలి.

ఇంటి బరువును కూడా మరువకండి. 2000 కిలోల బండిలో కొత్త బీరువాలు, నీళ్ల తొట్టి పెట్టి 2500 కిలోలు చేస్తే, అదే వేగంతో పోతున్నప్పుడు బ్రేకులు హరించవలసిన గతిశక్తి నాలుగోవంతు పెరుగుతుంది. వేగాన్ని 40 నుంచి 60 కిలోమీటర్లకు పెంచితే ఆ శక్తి రెండుంపావు రెట్లవుతుంది. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. చట్రం ఎంత బరువుకు తయారైందో చూసుకున్నాకే లోపల సామాను పెట్టాలి.

ప్రాణాలకు సంబంధించిన మాట

వంటగ్యాసు గాలి కంటే బరువు. కారితే అది పైకి పోదు, నేలమీద మడుగు కడుతుంది. ఇంట్లో అయితే గడప దాటి పోవచ్చు. నాలుగువైపులా మూసిన మోటారు ఇంట్లో అది పడక కిందే దాగి, ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. అందుకే సిలిండరు ఉంచే అర అడుగున, బయటికి తెరుచుకునే రంధ్రం తప్పనిసరి. తలుపులన్నీ బిగించి పొయ్యి గాని ఇంజను గాని నడిపితే కార్బన్ మోనాక్సైడ్ పోగుపడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపోయేవారికి అది వచ్చిన సంగతే తెలియదు. వెచ్చదనం కోసం గాలిరంధ్రాలను గుడ్డతో మూయడం ప్రాణాంతకం.

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడుకు ముఖ్యంగా హాని చేస్తుంది. పాత బ్రేకు లైనింగుల్లో రాతినార ఉండవచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు. ఈ పనులు, బండిని జాకీ మీద ఎత్తి కిందికి దూరే పనులు మీరు చేయవద్దు. తెలిసిన పెద్దలు చేస్తుంటే దూరంగా నిలబడి చూడండి.

ఎంత మార్చాలి?

చివరి ప్రశ్న, అన్నిటికంటే కష్టమైనది. పాతదంతా పీకేసి కొత్తది వేస్తే అది ఇంకా ఆ బండేనా?

జవాబు బండి చేయబోయే పనిని బట్టి ఉంటుంది. చౌమహల్లాలోని కారు ఇక రోజూ రోడ్డెక్కనక్కరలేదు. దాని పని ఆనాటి పనితనాన్ని మనకు చూపించడం. అందువల్ల పాత రేకు, పాత కుట్టు, పాత రంగు ఎంత మిగిలితే అంత మేలు. మనుషులు పడుకుని ప్రయాణించే మోటారు ఇంటి సంగతి వేరు. అందులో బ్రేకులు, టైర్లు, తీగలు, గ్యాసు గొట్టాలు పాతవన్న మమకారంతో ఉంచడానికి వీల్లేదు. అయితే తలుపు పిడి, బీరువా పలక, చేత్తో రాసిన నంబరు పలక ఎవరికీ అపాయం చేయవు. వాటిని ఉంచవచ్చు.

రెండింటికీ వర్తించే నియమం ఒకటుంది. ఏది విప్పినా ముందు ఫోటో తీయండి. నట్టుకు, బోల్టుకు చీటీ కట్టండి. తీసిన ముక్కను పారేయకండి. పాత రంగు పొరల కింద మొదటి రంగు దాగి ఉండవచ్చు. స్క్రూ రంధ్రాల వరుస ఒకప్పుడు అక్కడ బల్ల ఉండేదని చెప్పవచ్చు. ఇవన్నీ బండి రాసుకున్న చరిత్ర. కొత్త రంగును ఎప్పుడైనా వేయవచ్చు, గీకేసిన పాత రంగును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

చేసి చూడండి

మూడు కొత్త ఇనుప మేకులను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. ఒకదానికి రాగితీగను బిగించి చుట్టండి. రెండవదానికి మీ బడి ప్రయోగశాలలో అడిగి తెచ్చుకున్న జింకు రేకు ముక్కను గట్టిగా చుట్టండి. మూడవదాన్ని అలాగే వదలండి. మూడు గ్లాసుల్లో ఒకేపాటి ఉప్పు కలిపిన నీరు పోసి, ఒక్కో గ్లాసులో ఒక్కో మేకు వేయండి. మూడు రోజులపాటు ఉదయం, సాయంత్రం చూసి, కనిపించినది రాసుకోండి.

ఆలోచించండి

1. మూడు మేకుల్లో ఏది ఎక్కువ తుప్పు పట్టింది? ఏది తక్కువ? ఎందుకు?

2. మోటారు ఇంటి ఇనుప చట్రానికి రాగి పలకను నేరుగా బిగించవచ్చునా?

3. మీ వీధిలో నిలిచిపోయిన పాత బండి ఏదైనా ఉంటే, దాన్ని తాకకుండా చుట్టూ తిరిగి చూడండి. పొక్కులు ఏ ఎత్తులో ఎక్కువగా ఉన్నాయి? ఆ నీరు ఎక్కడినుంచి వచ్చి ఉంటుంది?